పేరెవరిది? పట్టా యెవరిది?

భారత రిజర్వు బ్యాంకువారు 2025 ఏప్రిలులో ఒక యుత్తరువు జారీచేసి, దేశమందలి బ్యాంకులన్నియు ఆ సంవత్సరము అక్టోబరు 31వ తేదీలోగా తమ ఇంటర్నెట్టు చిరునామాలను ‘బ్యాంక్.ఇన్’ అను కొనపేరునకు మార్చుకొనవలెనని శాసించిరి. ఈ కొనపేరును బ్యాంకులకు తప్ప అన్యుల కీయరు. దానిని నమోదుచేయు నధికారము మన హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. అను బ్యాంకింగు సాంకేతిక పరిశోధన సంస్థ కొక్కదానికే యొప్పగింపబడినది. బ్యాంకుల పేళ్లను బోలిన దొంగపేళ్లతో వెబ్‌సైట్లు నిలిపి, ఖాతాదారుల రహస్యములను లాగి, సొమ్ము హరించు వంచకుల బెడద మితిమీఱుటయే ఇందులకు కారణము. ఉత్తరువు మెచ్చదగినదే. కాని యందులో ఒక యొప్పుకోలు దాగియున్నది. ఇంతకాలమును ఇంటర్నెట్టులో కనబడు పేరు నిజముగా ఎవరిదో సామాన్యుడు తెలిసికొను సులభమైన దారి లేదని దాని భావము. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు కంచె వేసినది. బియ్యపు మిల్లులకు, చేనేత సంఘములకు, కళాశాలలకు, ఆసుపత్రులకు, వకీళ్లకు, పత్రికలకు ఎవరు కంచె వేయుదురు? ఈ ప్రశ్న నేడు మన పట్టణములయందలి ప్రతి వర్తకునకును సంబంధించినదే గనుక, దీనినిగూర్చి మా యభిప్రాయమును కొంత విపులముగా మనవి చేయదలచితిమి.

డొమైను పేరనగా నేమో ముందుగా చెప్పికొందము. ఇంటర్నెట్టులో యంత్రములు ఒకదాని నొకటి అంకెలతో గుర్తించును. మనుష్యులు అంకెలను జ్ఞాపకముంచుకొనలేరు గనుక పేళ్లు కావలసివచ్చినవి. తొలినాళ్లలో యంత్రముల సంఖ్య స్వల్పము. కావున పేళ్లన్నియు ఒకే పట్టికలో వ్రాసి, అమెరికాలోని స్టాన్‌ఫర్డు పరిశోధన సంస్థవారు దానిని కాపాడుచుండిరి. యంత్రములు పెరిగినకొలది ఆ యొక్క చిట్టా చాలకపోయెను. 1983లో పాల్ మోకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు ఆ చిట్టాను అంచెలంచెలుగా విభజించు పద్ధతిని కనిపెట్టెను. జిల్లా లెక్క జిల్లాలో, తాలూకా లెక్క తాలూకాలో, గ్రామపు లెక్క గ్రామములో నున్నట్లు, ‘.కామ్’ లెక్క ఒకచోట, ‘.ఇన్’ లెక్క వేఱొకచోట నుండును. అన్నిటికిని పైన మూలపు చిట్టా యొకటి యుండును. ఆ మూలపు చిట్టాను 1998 నుండి కాలిఫోర్నియాలోని ఐకాన్ అను లాభాపేక్ష లేని సంస్థ పర్యవేక్షించుచున్నది. 2016 అక్టోబరు 1వ తేదీవఱకు ఆ సంస్థమీద అమెరికా వాణిజ్యశాఖవారి కాంట్రాక్టు పెత్తనము సాగెను. మన ‘.ఇన్’ కొనపేరు చిట్టాను 2005 నుండి నిక్సీ యను భారతీయ సంస్థ నిర్వహించుచున్నది.

ఇక మనము పేరు కొనునప్పుడు ఈ పెద్ద సంస్థలతో నేరుగా వ్యవహరింపము. రిజిస్ట్రారు అను వర్తకుని యొద్దకు పోయి రుసుము చెల్లింతుము. వాడు పైచిట్టాలో పేరెక్కించును. ‘పేరు కొంటిమి’ అని మనమందుము గాని, మన భూములు గల రైతులకు తెలిసిన భాషలో చెప్పవలెనన్న ఇది శుద్ధక్రయము కాదు, కౌలు. ‘.కామ్’ పేరును ఒక్కసారిగా పదియేండ్లకు మించి ఎవరికిని ఇయ్యరు. గడువు తీఱులోగా మరల రుసుము కట్టవలెను. కట్టనిచో పేరు ముందు నిలిచిపోవును. రిజిస్ట్రారు కొన్ని దినములు ఓపికపట్టవచ్చును. పిమ్మట ముప్పది దినములపాటు అధికరుసుముతో విడిపించుకొనవచ్చును. అదియు దాటి మఱి యైదు దినములు గడచినచో పేరు బజారున పడును, ముందు చేయిచాచినవానిది. సిస్తు బకాయికి భూమి వేలమువేయుటకైన దండోరా వేయించు ఆచారము పూర్వము మనకు కలదు. ఇక్కడ దండోరా మన పాత యీమెయిలు పెట్టెలో మ్రోగి యూరకుండును.

ఇది చిన్నవారికే పట్టు దురవస్థ యనుకొనరాదు. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్టువంటి మహాసంస్థ తన ‘పాస్‌పోర్ట్.కామ్’ పేరునకు 35 డాలర్లు కట్టుట మఱచెను. ఆ పేరుమీద నాధారపడిన హాట్‌మెయిలు లోనికి ఎందఱో పోలేకపోయిరి. చివరకు ఆ సంస్థతో ఏ సంబంధమును లేని యొక ప్రోగ్రామరు తన జేబునుండి రుసుము చెల్లించి తలుపు తెఱపించెను. అతడు మంచివాడు గనుక సరిపోయినది. దుర్జనుడైనచో?

కౌలైనంతమాత్రమున హక్కేలేదని యనుటయు పొరపాటు. అమెరికాలో గ్యారీ క్రెమెన్ అను నతడు 1994లో, పేళ్లు ఉచితముగా దొరకు రోజులలో, ఒక పేరును నమోదు చేసికొనెను. ఆ పేరు ఈ పుటలో వ్రాయదగినది కాదు గాని లక్షలు విలువచేయునట్టిది. 1995లో స్టీఫెన్ కోహెన్ అనువాడు క్రెమెన్ వ్యాపారసంస్థ వ్రాసినట్లు దొంగయుత్తరము సృష్టించి రిజిస్ట్రారునకు చూపెను. రిజిస్ట్రారు యజమానిని ఒక్కమాటైన అడుగక పేరును కోహెన్‌కు బదలాయించెను. క్రెమెన్ ఏండ్లతరబడి వ్యాజ్యమాడెను. న్యాయస్థానము కోహెన్ 6 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. వాడు దేశము విడిచి పాఱిపోయెను. 2003లో అమెరికా తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానము, డొమైను పేరు ఆస్తియే యనియు, దానిని నమోదుచేయుట భూమిహక్కుల కచేరిలో స్థలమును తనపేర వ్రాయించుకొనుటవంటిదనియు, విచారింపక పరులపాలు చేసిన రిజిస్ట్రారు సైతము జవాబుదారి కావచ్చుననియు నిర్ణయించెను. క్రెమెన్‌కు పేరు తిరిగి వచ్చినది. కాని యైదేండ్లు పట్టినది.

మన దేశములో ఈ విషయమున మార్గదర్శకమైన తీర్పు తెలుగువారికి సంబంధముగల వ్యాజ్యమునందే వెలువడుట గమనింపదగినది. హైదరాబాదున పుట్టిన సత్యం కంప్యూటర్సునకు అనుబంధముగా సత్యం ఇన్ఫోవే అను సంస్థ యుండెను. అది తన పేరులోని అక్షరములను కలిపి ‘సిఫీ’ యను క్రొత్తమాటను కల్పించి, 1999లో ఆ మాటతో కొన్ని పేళ్లను నమోదు చేసికొనెను. పిమ్మట వేఱొక సంస్థ ఒక అక్షరము హెచ్చుగా జోడించి, చెవికి ఒకేరీతిగా వినబడు పేళ్లను నమోదు చేసికొని వ్యాపారము సాగించెను. ఇదేమని యడుగగా, ఆ మాట తమ యైదుగురు భాగస్వాముల పేళ్ల మొదటి యక్షరముల కూడిక యని చెప్పిరి! బెంగుళూరు సివిలు కోర్టు సత్యం ఇన్ఫోవే పక్షమున నిషేధాజ్ఞ యిచ్చెను. కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసెను. 2004 మే 6వ తేదీన సుప్రీంకోర్టు, డొమైను పేరు ఉత్త చిరునామా కాదు, వర్తకుని గుర్తింపు చిహ్నము కూడ. దానిని అపహరించుట పరుని సరకును తనసరకుగా చెలామణి చేయుటవంటిదే యని చెప్పి, సివిలు కోర్టు నిషేధాజ్ఞను నిలువబెట్టెను. డొమైను పేళ్ల తగవులకు ప్రత్యేకమైన చట్టము మనకు లేదనియు ఆ తీర్పులోనే చెప్పబడినది.

కావున పేరు విషయములో హక్కు కలదు. కాని హక్కు వేఱు, దాని రుజువు వేఱు. పై రెండు వ్యాజ్యములయందును నెగ్గినవారి పేరు చిట్టాలో మొదటినుండియు స్పష్టముగా నుండెను. మన పట్టణములలో సాధారణముగా జరుగు పద్ధతి అట్టిది కాదు. దుకాణదారుడు వెబ్‌సైటు కావలెననును. దానిని తయారుచేయు కుఱ్ఱవాడు ‘అంతయు నేను చూచుకొందును’ అనును. పేరు తన ఖాతాలో, తన యీమెయిలుతో, తన ఫోను నంబరుతో నమోదు చేయును. ఇందు దురుద్దేశ మేమియు ఉండనక్కఱలేదు. అది వానికి సులభము, మనకు శ్రమ తప్పును. పిమ్మట వాడు ఉద్యోగమునకై విదేశమేగును, లేక బాకీవిషయమై తగవు పడును, లేక చనిపోవును. అప్పుడు పదియేండ్లుగా బోర్డులమీద, బిల్లులమీద, సంచులమీద అచ్చువేయించుకొన్న పేరు తనది కాదని యజమాని తెలిసికొనును. రిజిస్ట్రారు కంటికి ఆ కుఱ్ఱవాడే పట్టాదారు. యజమాని దారిన పోవువాడు. భూమి కొనునప్పుడు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీయింపక బయానా యైన ఈయని మనము, వ్యాపారమున కంతకును ముఖద్వారమైన పేరును నోటిమాటమీద వదలివేయుట శోచనీయము కాదా?

ఇక రెండవ చిక్కు దాపరికమునకు సంబంధించినది. పేరు నమోదు చేసికొనువారు తమ నామధేయము, ఇంటి చిరునామా, ఫోను నంబరు, ఈమెయిలు తెలుపవలెను. పూర్వము ‘హూయిజ్’ అను పద్ధతిచే ప్రపంచములో ఎవ్వడైనను ఆ వివరములను చదువగలుగుచుండెను. పరిశోధకులు కొలదిమంది, పరస్పరము ఎఱిగినవారు, ఉన్న కాలమున ఈ పద్ధతి పుట్టినది. యంత్రము చెడినచో ఎవరిని పిలువవలెనో తెలియుటయే నాటి ప్రయోజనము. బజారంతయు లోనికి వచ్చిన పిమ్మట అదే చిట్టా దొంగలకు దివిటీ యైనది. పేరు నమోదైన మఱునాటినుండి వెబ్‌సైటు చేసిపెట్టెదమని ఫోనులు. గడువు తీఱినదని బెదరించు దొంగబిల్లులు. యజమానియే వ్రాసినట్లు కల్పింపబడిన యుత్తరములు. అధికారుల యక్రమములను వ్రాయు విలేఖరికి, ఒంటరిగా నివసించు స్త్రీకి ఇంటి చిరునామా వెల్లడియగుట ఉత్త చికాకు కాదు, ప్రాణభయము.

దీనికి విరుగుడుగా ఒక వర్తకము బయలుదేరినది. కొంత రుసుము తీసికొని, యజమాని పేరునకు బదులు తమ పేరు చిట్టాలో నుంచు సంస్థలు వెలసినవి. యూరపు ఖండమున వ్యక్తుల సమాచార రక్షణ నిబంధనలు 2018 మే 25వ తేదీన అమలులోనికి రాగా, ఐకాన్ వారు బహిరంగ చిట్టానుండి వ్యక్తుల వివరములను మఱుగుపఱుచుటకు అనుమతించిరి. 2025 జనవరి 28వ తేదీనుండి ‘.కామ్’ మొదలగు సాధారణ కొనపేళ్లకు హూయిజ్ తప్పనిసరి గాక, ఎవరికెంత చూపవలెనో నిర్ణయింప వీలైన క్రొత్త పద్ధతి దాని స్థానము నాక్రమించినది.

ఇక్కడ మా పాఠకులు ఒక భేదమును గట్టిగా మనసున నాటుకొనవలెను. తెఱ వేఱు, బేనామీ వేఱు. చిట్టాలో మన నిజమైన పేరుండి, అది బాటసారికి కనబడకుండుట తెఱ. చిట్టాలోనే మన పేరు లేక, పరుని పేరుండుట బేనామీ. మొదటిది గౌరవము, రెండవది ప్రమాదము. ఆ ప్రమాద మెట్టిదో 2007లో అమెరికాలోని రిజిస్టర్‌ఫ్లై అను రిజిస్ట్రారు కూలినప్పుడు బయటపడినది. దానిని నమ్మిన లక్షలాది పేళ్ల గతి యేమగునో తెలియకపోయెను. ఐకాన్ వారు దాని గుర్తింపును రద్దుచేసి, పేళ్లను వేఱొక రిజిస్ట్రారునకు తరలించిరి. ఆ సందర్భమున అందఱికంటె నెక్కువ యిబ్బంది పడినవారు పరులపేరు మాటున దాగినవారే. ఏలయన, చిట్టాలో మాటువేసిన సంస్థపేరే యుండెను గాని అసలు యజమాని పేరు లేదు. దాగుటకు రుసుము చెల్లించినవాడు, తాను దాగినట్లు రుజువుచేసికొనలేక తిప్పలుపడెను! భూమి విషయమున బేనామీ వ్యవహారమును 1988 నాటి చట్టము నిషేధింపగా, 2016లో దానిని మఱింత కఠినము చేసిరి. పరునిపేర వ్రాయించిన భూమి తుదకు పరునిదే యగుట చూచిన మనకు ఈ నీతి క్రొత్తది కాదు.

దాపరికమునకు మఱియొక ముఖము కూడ నున్నది. మోసగాడును తెఱచాటుననే నిలుచును. ప్రసిద్ధ సంస్థల పేళ్లను బోలిన పేళ్లు నమోదుచేసి, ఏజెన్సీలు ఇప్పింతుమని, ఉద్యోగములు ఇప్పింతుమని బయానాలు వసూలుచేసి మాయమగు ముఠాలకు ఈ తెఱ కోటగోడ యైనది. ఆ మోసగాండ్రెవరో తెలియక ఊరుపేరు లేని ప్రతివాదులమీద పెద్దవర్తక సంస్థలు ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యములు వేయవలసివచ్చినది. కోట్లుగల సంస్థకు హైకోర్టు మెట్లెక్కుట సాధ్యము. ఏజెన్సీ యాశతో భూమి తాకట్టుపెట్టి బయానా కట్టిన పల్లెటూరివానికి ఏ మెట్లు సాధ్యము? అతడు ఠాణాకు పోగా, పేరు పరదేశపు రిజిస్ట్రారుదని, వివరములు మఱుగున నున్నవని తెలియును. అక్కడితో ఫిర్యాదు నిద్రించును.

అట్లయిన తెఱలన్నియు చింపివేయవలెనా? కూడదని మా దృఢాభిప్రాయము. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మండ్రు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24వ తేదీన ఏకగ్రీవముగా నిర్ణయించినది. మోసగాని పట్టుకొనుటకై ప్రతి గృహస్థు తలుపును తీసి యుంచుమనుట న్యాయము కాదు. మన ‘.ఇన్’ పద్ధతి ఈ విషయమున కొంత మేలైన త్రోవ త్రొక్కినది. అందు పరులపేర దాగు పద్ధతి అంగీకరింపబడదు. నిజమైన యజమాని పేరే చిట్టాలో నుండవలెను. వ్యక్తుల వివరములను మాత్రము బజారున ప్రదర్శింపరు. చిట్టా నిజమైనదిగా నుండవలెను, బజారునకు మూయబడియుండవలెను, న్యాయమైన కారణము చూపినవారికి తెఱవబడవలెను. ఈ మూడును కలిసిననే ధర్మము నిలుచును.

మూడవదానిలోనే అసలు పరీక్ష యున్నది. తాళము ఎవరిచేతి కిచ్చుట? 2023లో వ్యక్తుల డిజిటలు సమాచార రక్షణ చట్టము చేయబడి, 2025 నవంబరులో దాని నియమములు ప్రకటింపబడినవి. పౌరుల సమాచారము తీసికొనువారికి అది కొన్ని బాధ్యతలు విధించుట సంతోషకరమే. కాని దేశభద్రత, ప్రజాశాంతి మొదలగు కారణములచే కేంద్రప్రభుత్వము తన శాఖలను ఆ బాధ్యతలనుండి ప్రకటన మాత్రమున మినహాయింపవచ్చునని అదే చట్టము చెప్పుచున్నది. బజారునకు మూసిన చిట్టా ఠాణాకు ఎల్లవేళల తెఱచియుండుట గోప్యత యనిపించుకొనదు. అధికారుల కంటగింపునకు గుఱియైన పత్రికపేరు వెనుక నెవరున్నారో, వ్రాతమూలకమైన యుత్తరువు లేకయే తెలిసికొన వీలగుచో, ఆ పత్రిక కలము తడబడును. అట్లే మోసపోయిన రైతు ఏండ్లు తిరుగకుండ, దినముల లెక్కన జవాబు పొందవలెను. అడిగినవాడెవడు, ఏ కారణమున నడిగెను, ఎవరు అనుమతించిరి అను మూడు విషయములును వ్రాతలోనుండి, పిమ్మట విచారణకు లొంగియుండవలెను. పోలీసువారికైనను వర్తకునకైనను ఇదియే నియమము కావలెను.

జాతీయదృష్టితో చూచినచో ఒకమాట చెప్పక తప్పదు. ‘.ఇన్’ మన దేశపు పేరు. తెలుగు లిపిలోనే ‘.భారత్’ అను కొనపేరు కూడ మనకు మంజూరైయున్నది. చిట్టాపై పెత్తనము నిక్సీదే. కాని ఆ చిట్టాను దినదినము నడపు యంత్రపు పనిని మొదటినుండియు విదేశ సంస్థలకే కాంట్రాక్టుగా నిచ్చుచు వచ్చితిమి. ప్రపంచపు కంప్యూటరు పనిలో సగము మావాడే చేయుచున్నాడని గర్వించు హైదరాబాదునకును, బెంగుళూరునకును ఇది శోభస్కరము కాదు. దేశమందలి బ్యాంకుల పేళ్లకు హైదరాబాదు సంస్థ రిజిస్ట్రారు కాగలిగినప్పుడు, మన పేళ్ల చిట్టాను మన యింజనీరులే నడపు దినము రాకూడదనుటకు కారణము మాకు కానరాదు.

ప్రభుత్వము చేయవలసినది చేయులోగా, పాఠకులు తమ చేతిలోని పని చేసికొనవలెను. మీ దుకాణము, మిల్లు, సంఘము, పాఠశాల పేరు ఎవరి ఖాతాలో నున్నదో ఈ వారములోనే విచారింపుడు. పరుల ఖాతాలో నున్నచో, స్నేహము చెడకముందే మీ ఖాతాకు మార్పించుకొనుడు. సంస్థపేరు సంస్థపేరనే యుండవలెను గాని కార్యదర్శి పేర నుండరాదు, కార్యదర్శులు మాఱుదురు. నమోదులో నిచ్చు ఈమెయిలు, ఫోను మీవిగా, వాడుకలో నున్నవిగా నుండవలెను. ఆ యీమెయిలు అదే డొమైను పేరుమీద నున్నచో, పేరు పోయిననాడు హెచ్చరికయు దానితోడనే పోవునని మఱువకుడు. గడువు తేదీని పంచాంగముమీద వ్రాసికొనుడు. వీలైనచో కొన్నియేండ్ల రుసుము ముందే కట్టుడు. అనుమతి లేక పేరు తరలిపోకుండ రిజిస్ట్రారు వేయు తాళమును వేయించుడు. రసీదులను దస్తావేజుల పెట్టెలో నుంచుడు. వారసులకు ఆ సంగతి చెప్పియుంచుడు. దాగవలసినచో తెఱను కోరుడు, బేనామీని కోరకుడు.

తాతలు గట్లకై, సరిహద్దు రాళ్లకై కోర్టులచుట్టు తిరిగి ఆస్తులు కరగించుకొన్న కథలు మన జిల్లాలలో ఎఱుగనివారు లేరు. వారి భూమి కంటికి కనబడునది; రాయి జరిగిన చేతికి తగులునది. మనుమల ఆస్తికి గట్టు లేదు, రాయి లేదు. చిట్టాలోని యొక్క పంక్తియే దాని గట్టు. ఆ పంక్తిలో నెవరి పేరున్నదో చూచుకొనక నిద్రించువారు, మేల్కొనునప్పటికి తమ పేరునకు తామే పరాయివారై యుందురు.